గోడలోని మూడవ తీగ

ఈ మాసము వేరొక విషయము వ్రాయదలచి కాగితము ముందిడుకొన్నంతలో మా యింట నొక సంగతి జరిగినది. అందుచే ఈ మారు విద్యుత్తును గూర్చియే ముచ్చటింపవలసివచ్చినది.

మా నివాసము విశాఖపట్టణమున జేరిన గాజువాక. ఇచట ఉక్కు కర్మాగారముననో, ఓడరేవుననో, ఆటోనగరులోని మరల యొద్దనో పనిచేయువారు లేని వీధి యుండదు. వారు పగలెల్ల విద్యుత్తుతో మెలగి వత్తురు. ఇంట నున్న మనమును పగలెల్ల దానితోనే మెలగుదుము. వారికి దానిని గూర్చి యెవరో చెప్పిరి. మనకెవరును చెప్పలేదు, మనమును అడుగలేదు. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను వచ్చి దినముల తరబడి దీపములు లేనపుడు, అది లేని యిల్లెట్లుండునో యెరిగితిమి. ఉన్నపుడు ఎట్లు పనిచేయునో మాత్రము తెలిసికొనలేదు.

జరిగిన సంగతి యిది. వానకాలము, వంటయింటి గచ్చు చెమ్మగిలి యున్నది. పప్పు రుబ్బుచున్న మా పనిమనిషి చటుక్కున చేయి లాగికొని "అమ్మగారూ, గ్రైండరు షాకు కొడతంది" అన్నది. మా అత్తగారు చెక్కపీట తెచ్చి వేసి "దీనిమీద నిలబడి రుబ్బమ్మా, ఏమీ కాదు" అనిరి. నిజముగనే ఆ పిమ్మట జిల్లుమనుట మానినది. పిండి రుబ్బుట ముగిసినది. అంతటితో మరచియుందుము గాని, పీట వేసినంతనే ఏల మానవలెనను ప్రశ్న మమ్ము విడువలేదు.

మావారు బడిలో పిల్లలకు చెప్పు భౌతికశాస్త్రపు పుస్తకమును రాత్రులందు చదువ మొదలిడితిమి. అందు మొదట బోధపడవలసిన మాట యొకటి: విద్యుత్తు వలయముగా తిరిగినగాని ప్రవహింపదు. బయలుదేరిన చోటికి మరల చేరవలెను. దారి యెచట తెగినను నిలిచిపోవును. స్విచ్చి చేయునది ఆ దారిని కలుపుట, తెంచుట మాత్రమే. గోడలోని ప్లగ్గునకు మూడు రంధ్రము లుండును గదా! మన దేశపు పద్ధతిలో ఎదుట నిలిచి చూచినపుడు క్రింది రెంటిలో కుడిప్రక్కది ఫేజు, అనగా వచ్చు దారి. ఎడమది న్యూట్రలు, పోవు దారి. (ఇంటి విద్యుత్తు సెకనునకు 50 మారులు ముందువెనుక లాడునది, కావున ఈ రాకపోకల మాట బోధకొరకు చెప్పినదే.) పైన నున్న లావైన రంధ్రము ఎర్తు. దానిని గూర్చి తరువాత చెప్పెదము.

మరి నేలమీద నిలిచిన మనిషికి షాకేల తగులును? వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు వద్ద న్యూట్రలును భూమికి కలిపి యుంచుదురు. అందుచే భూమియు నొక తిరుగుదారి యగును. గ్రైండరు లోపలి తీగ యొకటి పైతొడుగు చెడి ఇనుపభాగమునకు తగిలినచో, చేయి మొదలు పాదము వరకు మన శరీరమే తీగయై ఆ వలయమును పూర్తిచేయును. చెక్కపీట ఆ దారిని తెంచినది. అత్తగారి పీటలో శాస్త్రము లేకపోలేదు. కాని పీట తడిసినను, రెండవ చేయి కుళాయికి తగిలినను ఇక రక్ష లేదు.

చదివినది చేతితో చేసి చూడనిదే మాకు మనసున నిలువదు. 9 వోల్టుల బ్యాటరీ నొకదానిని, ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపములను, కొన్ని రెసిస్టర్లను తెప్పించితిమి. మొదటి దీపమును నేరుగా బ్యాటరీకి కలుపగా ఒక్క మెరుపు మెరిసి ఆరినది, మరి వెలుగలేదు. అపుడు లెక్క చూచుకొంటిమి. అట్టి దీపము సుమారు 2 వోల్టులు తీసికొనును. మిగిలిన 7 వోల్టులను రెసిస్టరు భరింపవలెను. ప్రవాహము 15 మిల్లీ ఆంపియర్లు చాలును. 7ను 0.015 చేత భాగింపగా సుమారు 467 ఓములు. అంగడిలో దానికి దగ్గరగా దొరకునది 470 ఓములది. పసుపు, ఊదా, గోధుమ రంగుల గీతలు గలది. దానిని నడుమ చేర్చగా రెండవ దీపము చక్కగా వెలిగినది. వోల్టులను ఓములచే భాగించిన ఆంపియర్లు వచ్చునను ఈ సూత్రమును 1827లో గ్రంథముగా వెలువరించిన జార్జి సైమన్ ఓమ్ అను జర్మను దేశీయుడు ఒక బడిపంతులు. తొలుత ఆయనను మెచ్చినవారు తక్కువ. పంతుళ్ల సంసారము మాకు తెలియనిది కాదు గనుక ఈ సంగతి చదివి కొంత నవ్వుకొంటిమి.

కాని అదే లెక్కను మా పనిమనిషికి వేసి చూచినపుడు నవ్వు రాలేదు. చర్మము తడిసినపుడు శరీరపు నిరోధము 1000 ఓములకు దిగవచ్చును. ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. భాగింపగా 0.23 ఆంపియరు. పాతకాలపు 60 వాట్ల బల్బు వెలుగుటకు పట్టునది ఇంచుమించు ఇంతే. గుండె లయ తప్పుటకు ఇందులో అయిదవ వంతైనను చాలవచ్చును. మన యిండ్లలోని ఫ్యూజులు, ఎం.సి.బి.లు 6 ఆంపియర్లో, 16 ఆంపియర్లో దాటినగాని తెగవు. అనగా ఒక మనిషి ప్రాణము పోవుచున్నను వానికి ఇంట నొక బల్బు వేసినట్లే తోచును! ఫ్యూజున్నది గదా యని ఇన్నేండ్లు ధైర్యపడియుంటిమి. అది తీగ కాలకుండ కాపాడుటకు పెట్టినది. మనిషికొరకు పెట్టినది కాదు.

మనిషికొరకు పెట్టినది ఆ మూడవ తీగ. పచ్చని తొడుగు గలది. అది యంత్రపు ఇనుపదేహమును నేరుగా భూమికి కలుపును. లోపల తీగ తగిలినచో విద్యుత్తు మనకొరకు వేచియుండక ఆ సులభమార్గమున ప్రవహించును. ఎర్తు గట్టిదైనచో ప్రవాహము మిక్కుటమై ఎం.సి.బి. పడిపోవును. ప్లగ్గులో ఎర్తు పుల్ల తక్కిన రెంటికంటె పొడవుగా నుండుట ఇందుకే: ముందుగా తగులవలెను, కడపట విడువవలెను. దానిని విరిచి రెండు పుల్లలతో వాడుకొనువారిని మేము చూచితిమి.

ఎలక్ట్రీషియనును పిలిపించి ప్లగ్గు విప్పించితిమి. మూడవ తీగ గోడలో నున్నది. దేనికిని బిగింపక చుట్టగాచుట్టి వెనుకకు త్రోసి యున్నది. ఇల్లు కట్టిననాటినుండియు నంతే! అతడు బిగించుచు, మా ప్రశ్నలు విని "ఇవన్నీ మీకెందుకండీ?" అనెను. కోపము రాలేదు గాని అయ్యలసోమయాజుల లలితగారు తలపునకు వచ్చిరి. ఆమె మన తెలుగింటి ఆడపడుచు. 1937లో పదునెనిమిదేండ్లకే భర్తను గోల్పోయి, చంటిబిడ్డతో నుండియు, తండ్రి ఆచార్యుడుగా నున్న మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రమునే చదివి, భారతదేశమున ఇంజనీరు పట్టము పొందిన మొదటి స్త్రీలలో నొకరైరి. భాక్రానంగల్ జనరేటర్ల పనిలోను ఆమె చేయి యున్నది. మనము జనరేటర్లు చేయనక్కరలేదు. ఇంటిలోని మూడు తీగలలో ఏది దేనికో అడుగుట తప్పుగాదు.

అడుగుట యనగా స్క్రూడ్రైవరుతో మీరే ప్లగ్గు విప్పుమని కాదు. నేర్చుకొనుటకు బ్యాటరీ చాలును. గోడలోని దానిని పని తెలిసినవారే విప్పవలెను. వారు వచ్చినపుడు ప్రతి ప్లగ్గునందును ఎర్తు కలదో లేదో మీ యెదుట పరీక్షింపుమనుడు. ఆర్.సి.సి.బి. అను పరికరము లేకున్న పెట్టించుడు. అది పోయిన విద్యుత్తును, తిరిగి వచ్చినదానిని సరిచూచుచుండును. తేడా 30 మిల్లీ ఆంపియర్లు కాగానే కన్నుమూసి తెరచునంతలో దారి తెంచును. దానిపై 'టి' అను మీట యుండును. నెలకొకమారు నొక్కి చూడవలెను. నొక్కినను పడకున్నచో అది అలంకారమునకే యున్నదని తెలియుడు.

ఎర్తు గొయ్యిని గూర్చియు నొక మాట. గొట్టము చుట్టును ఉప్పు, బొగ్గు వేసి పూడ్చు గోతులు మన యిండ్లలో మెండు. వేసవిని అవి యెండిపోవును. ఎండిన మన్ను విద్యుత్తును సరిగా తీసికొనదు. వారమున కొకటి రెండు బిందెల నీరు పోయుచుండవలెను. సముద్రపు గాలికి పై బోల్టులు త్రుప్పు పట్టును గనుక ఏట నొకమారు గీకించి బిగింపించుట మేలు. మా గొయ్యి మెట్లక్రింద చీపురుకట్టల చాటున దొరకినది.

గ్రైండరు లోపలి తీగను మార్పించి మరల పప్పు రుబ్బించితిమి. షాకు లేదు. మా అత్తగారు మాత్రము పీటను తీయనీయలేదు. మేమును తీయలేదు.