రాజ్యాలు పోయాయి, అల్‌ తిలాల్‌ మిగిలింది

యెమెన్‌ అనగానే మన పత్రికల్లో కనిపించేవి హౌతీలు, ఎర్ర సముద్రంలో క్షిపణులు, ఆకలితో ఎండిన పసివాళ్లు. అదే దేశపు దక్షిణ రేవు నగరం ఏడెన్‌లో ఒక ఫుట్‌బాల్‌ క్లబ్బు 1905 నుంచి తన వయసును లెక్కించుకుంటున్నదన్న సంగతి ఆ వార్తల నడుమ ఇమడదు. దాని పేరు అల్‌ తిలాల్‌. అరబ్బీలో ఆ మాటకు కొండలని అర్థం. చల్లారిన అగ్నిపర్వతపు బిలంలో, మూడు వైపులా నల్లరాతి కొండల మధ్య ఇరుక్కున్న క్రేటర్‌ పేట దాని పుట్టినిల్లు. అరేబియా ద్వీపకల్పం మొత్తంలో తనకన్నా పాత క్లబ్బు లేదని తిలాల్‌ చెప్పుకుంటుంది. బెంజెమాను కొనితెచ్చుకున్న జెద్దా క్లబ్బు ఇత్తిహాద్‌ పుట్టినది 1927లో. తిలాల్‌ చెప్పుకునే లెక్క నిజమైతే, చమురు పుట్టకముందే, సౌదీ అరేబియా అనే రాజ్యం ఏర్పడకముందే ఏడెన్‌లో బంతి దొర్లుతున్నది.

అయితే 1905లో ఏడెన్‌ ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు భారతీయ పాఠకుణ్ణి ఉలిక్కిపడేలా చేయాలి. 1839 జనవరి 19న ఈస్టిండియా కంపెనీ నౌకాధికారి కెప్టెన్‌ హెయిన్స్‌ ఆ రేవును పట్టుకున్న నాటి నుంచి దానిని పాలించినది బొంబాయి. ఉత్తర్వులు బొంబాయి నుంచి వెళ్లేవి, కాపలా సిపాయిలు భారతదేశం నుంచి వెళ్లేవారు, బజారులో రూపాయి చెల్లేది. బొంబాయి ప్రభుత్వంపై తిరగబడిన వాసుదేవ్‌ బల్వంత్‌ ఫడ్కేను పంపిన జైలు ఏడెన్‌లోనిదే. 1883లో ఆయన ప్రాణం పోయినదీ అక్కడే. 1932లో ఆ పాలన ఢిల్లీ చేతికి మారింది. 1937 ఏప్రిల్‌ 1న మాత్రమే ఏడెన్‌ను భారత ప్రభుత్వం నుంచి విడదీసి లండన్‌ నేరుగా ఏలే వలస రాజ్యంగా మార్చారు. నాటి చట్టం ప్రకారం చూస్తే, 1905 నాటి ఆ క్లబ్బు మోహన్‌ బగాన్‌తో సమానంగా బ్రిటిష్‌ ఇండియా క్లబ్బే. మన క్రీడా చరిత్ర గ్రంథాలకు మాత్రం కలకత్తా, గోవా, హైదరాబాద్‌ దాటి చూపు సాగదు.

క్లబ్బు తొలి పేరులో ‘మొహమ్మదన్‌’ అన్న మాట ఉండేదని దాని సొంత చరిత్ర చెబుతుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. మైదానాన్ని మతాల వారీగా పంచడం బొంబాయి పాలకులకు అలవాటైన విద్య. సముద్రతీరం వెంట పార్సీలకొక జింఖానా, హిందువులకొకటి, ముస్లింలకొకటి; వారి మధ్య క్రికెట్‌ పోటీలు. కలకత్తాలో మొహమ్మదన్‌ స్పోర్టింగ్‌ 1891లోనే పుట్టింది. జనాన్ని విడదీయడానికి జనాభా లెక్కలే అక్కరలేదు, ఒక పెవిలియన్‌ చాలునని ఆ సామ్రాజ్యానికి తెలుసు. కానీ పాలకుడు గీసిన గీతను పాలితులు తమ అవసరానికి వాడుకోవడం కూడా చరిత్రలో భాగమే. బూటు కాళ్ల తెల్ల సిపాయిల జట్లను ఓడించడం కలకత్తాలో ఎంత రాజకీయమో, ఓడలకు బొగ్గు మోసే రేవు నగరంలోనూ అంతే రాజకీయం.

ఆ మైదానాల నుంచే అలీ ముహసిన్‌ అల్‌ మురైసీ వచ్చాడు. ఏడెన్‌లో ఆట నేర్చి, కైరో వెళ్లి, జమాలెక్‌ జట్టులో గోల్స్‌ వర్షం కురిపించి అరబ్బు లోకమంతటా పేరు తెచ్చుకున్నాడు. నేడు ఆయన పేరు మోస్తున్న మైదానం ఏడెన్‌లో కాదు, ఉత్తరాన సనా నగరంలో ఉన్నది. ఏడెన్‌ మనిషి కీర్తి, సనా మైదానం. యెమెన్‌ ఐక్యత కథలో ఈ వాటాల లెక్క మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1967 నవంబర్‌ 30న బ్రిటిషువారు వెళ్లిపోయాక దక్షిణ యెమెన్‌ అరబ్బు లోకంలోని ఏకైక మార్క్సిస్టు రాజ్యమైంది. ఆ రాజ్యం 1975లో క్రేటర్‌లోని పలు క్లబ్బులను ఒకటిగా కలిపివేసింది. తిలాల్‌ అన్న పేరు అప్పటిదే. మతం పేరూ పోయింది, వీధి పేరూ పోయింది. కొండల పేరు వచ్చింది. పేరు అందమైనదే. కానీ డెబ్భై ఏళ్లుగా చందాలు వేసుకుని, తగవులు పడి, జట్లు కట్టుకున్న సభ్యులను కాదని సర్కారు ఉత్తర్వుతో క్లబ్బులు కలపడం ప్రజల సంస్థను ప్రభుత్వ శాఖగా మార్చడమే. దానిని ప్రగతి అని సమర్థించిన వామపక్ష మేధావులు ఇదే పని మరో జెండా కింద జరిగినప్పుడు నియంతృత్వమన్నారు. ఆ పేరు నిలిచిందంటే కారణం ఉత్తర్వు కాదు. క్రేటర్‌ జనం తమ పాత క్లబ్బుల జ్ఞాపకాలన్నీ ఆ కొత్త చొక్కాలోకి తెచ్చి కుట్టుకున్నారు. 1986 జనవరిలో పాలక పార్టీ తనను తానే చంపుకున్న వీధిపోరాటాల తరువాత కూడా క్లబ్బు మిగిలింది. పార్టీ మాత్రం మళ్లీ కోలుకోలేదు.

1990 మే 22న ఉత్తర, దక్షిణ యెమెన్లు ఏకమయ్యాయి. ఉమ్మడి దేశపు తొలి లీగ్‌ 1990–91లో జరిగింది. దానిని గెలిచినది తిలాల్‌. విలీన ఒప్పందాల కన్నా, ఇద్దరు నేతల కరచాలనాల ఫొటోల కన్నా గట్టి రుజువు అది. చిన్న భాగస్వామి కూడా పెద్ద భాగస్వామిని నిబంధనల ప్రకారం ఓడించగల చోటు దేశంలో కనీసం ఒకటున్నదని ఆ లీగ్‌ చూపింది. రాజకీయాల్లో అలాంటి చోటు మిగలలేదు. 1994లో అంతర్యుద్ధం వచ్చింది. జూలై 7న ఉత్తరాది సైన్యాలు ఏడెన్‌లోకి ప్రవేశించాయి. తరువాత దక్షిణాది అధికారులను ఇళ్లకు పంపారు, భూములు పెత్తనందారుల పాలయ్యాయి. 2007లో దక్షిణ ఉద్యమం ‘హిరాక్‌’ లేచింది ఆ కడుపుమంట నుంచే. ప్రభుత్వ గ్రాంటు మీద, పోషకుల దయ మీద బతికే క్లబ్బులు అధికారం ఎటు వెళితే అటు బలుస్తాయి. 1994 తరువాతి పది లీగ్‌లలో అత్యధికం సనా నగరపు అహ్లీ, వహ్దా జట్ల మధ్యే తిరిగాయి. తిలాల్‌ మరోసారి విజేత కావడానికి 2004–05 దాకా ఆగవలసి వచ్చింది. ఆ తరువాత ఇంతవరకు లేదు.

రాజ్యం తన ఐక్యతను కాంక్రీటుతో కూడా నిరూపించదలచింది. ఏడెన్‌లో కట్టిన పెద్ద స్టేడియానికి విలీన దినం పేరే పెట్టింది: మే 22. 2010లో గల్ఫ్‌ కప్‌ అక్కడే జరిగింది. పోటీకి నెలన్నర ముందు ఏడెన్‌లోని వహ్దా క్లబ్బు వద్ద బాంబులు పేలాయి. వహ్దా అంటే ఐక్యత. పోటీ సజావుగా ముగిసింది, జనం పోటెత్తారు. 2015లో హౌతీలు ఏడెన్‌లోకి చొచ్చుకువచ్చినప్పుడు సౌదీ కూటమి విమానాల దాడులలో ఆ స్టేడియం శిథిలమైంది. లీగ్‌ ఏళ్ల తరబడి ఆగిపోయింది. జాతీయ జట్టు పదేళ్లకు పైగా సొంత గడ్డ మ్యాచ్‌లను పరాయి దేశాల్లో ఆడుతున్నది.

అదే 2015 ఏప్రిల్‌లో భారత నౌకలు, విమానాలు ‘ఆపరేషన్‌ రాహత్‌’ పేరిట 4,640 మంది భారతీయులను, 41 దేశాలకు చెందిన 960 మందిని యెమెన్‌ నుంచి తరలించాయి. అభినందించవలసిన పని. కానీ ఢిల్లీకి యెమెన్‌తో సంబంధం అక్కడే మొదలై అక్కడే ముగిసినట్లున్నది. ఏడెన్‌ పేరు మన పార్లమెంటులో ఓడల బీమా ధర పెరిగినప్పుడు, టీవీలో అంబానీల తొలినాళ్ల కథ చెప్పేటప్పుడు మాత్రమే వినిపిస్తుంది. హైదరాబాద్‌ బార్కస్‌లో స్థిరపడ్డ హద్రమౌత్‌ అరబ్బుల వారసులు ఈ బంధాన్ని ఢిల్లీ కన్నా బాగా గుర్తుపెట్టుకున్నారు. నిజాం సైన్యంలో జమేదార్లుగా సంపాదించిన ధనంతోనే ఖుఐతీ వంశం ముకల్లాలో సుల్తానులైంది. ఆ ముకల్లా జట్టు షాబ్‌ హద్రమౌత్‌ 2012లో యెమెన్‌ విజేత. బార్కస్‌ కుర్రాళ్లు సాయంత్రం పూట నేటికీ ఆడేది ఫుట్‌బాలే.

భారత ప్రభుత్వం చేయగలిగినది పెద్ద దౌత్యమేమీ కాదు. బొంబాయి ఏడెన్‌ను పాలించిన నాటి దస్త్రాలు ముంబయిలోని మహారాష్ట్ర రాష్ట్ర పురాభిలేఖాగారంలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. మైదానాలకు భూమి, సంఘాలకు అనుమతి, సిపాయిల జట్లతో పోటీ, అన్నీ వలస పాలనలో కాగితం మీదుగా నడిచిన పనులే. ఏడెన్‌లో యుద్ధం ఎన్ని కాగితాలను కాల్చివేసిందో లెక్క లేదు. ముంబయి కట్టలు విప్పి, స్కాన్‌ చేసి, ఏడెన్‌ విశ్వవిద్యాలయానికి ఒక ప్రతి పంపడానికి ఒక యుద్ధనౌక ఒక రోజు ప్రయాణ ఖర్చు కూడా కాదు. 1905 అన్న తేదీకి సాక్ష్యం ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ కట్టలలోనే వెతకాలి.