లింకులు పంపితే ఇంగ్లీషు వస్తుందా?

మాదాపూర్ ఆఫీసుల్లో తెలుగు మీడియం నుంచి వచ్చిన ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. కోడ్ బ్రహ్మాండంగా రాస్తారు, మీటింగులో మాత్రం నోరు విప్పరు. "ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలి?" అని అడిగితే మనం ఓ పది లింకులు పంపి చేతులు దులుపుకుంటాం. నాకిది నచ్చదు.

లింకులు చెడ్డవని కాదు. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లోనే దాదాపు 1500 మాటలతో, నిదానంగా చదివే ప్రసారాలు మొదలుపెట్టింది. బీబీసీ వాళ్ళ 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్' ఉచితమే. కానీ అవి ప్రపంచమంతటికీ చేసినవి. తెలుగువాడు ఎక్కడ తడబడతాడో వాటికేం తెలుసు? పడమరనీ 'వెస్ట్' అనే రాస్తాం, కోటు కింద వేసుకునేదాన్నీ 'వెస్ట్' అనే రాస్తాం. ఇంగ్లీషులో పలకడం వేరు. మనకి 'ఎ', 'ది' లాంటివి లేవు. క్రియేమో వాక్యం చివరికొస్తుంది. "మీ ఇంట్లో నువ్వు ఎన్నో అబ్బాయివి?" అని ఇంగ్లీషులో సూటిగా అడగలేం. ఇవన్నీ చెప్పాల్సింది మనమే.

1820లో కడప వచ్చిన బ్రౌన్ దొర ఉద్యోగం చేస్తూనే తెలుగు నేర్చుకున్నాడు. 1852లో నిఘంటువే అచ్చు వేయించాడు. ఇప్పుడది ఆంధ్రభారతి సైటులో వెతుక్కోవచ్చు. ఆయనకి కూడా పుస్తకాలొక్కటే సరిపోలేదు, అడిగితే చెప్పే పండితులు పక్కనుండేవారు.

కాబట్టి లింకు పంపండి, దాంతోపాటు లంచ్ తర్వాత రోజూ పది నిమిషాలు కూర్చుని మాట్లాడించండి. తప్పు మాట్లాడితే సరిదిద్దండి, నవ్వకండి. ఏమంటారు?