అప్పీలు వేసినంతనే తీర్పు ఆగునా?

సస్పెండైన ఉద్యోగిని మరల కొలువున జేర్చుకొనవలెనని హైకోర్టు తీర్పు చెప్పినను, అప్పీలు చేసితిమని చెప్పి అధికారులు జాగుచేయుట కలదు. అన్నాళ్లును ఆ కుటుంబము చాలీచాలని జీవనభృతితోనే గడుపవలసివచ్చును.

సోదరీమణులారా! అప్పీలు దాఖలైనంతమాత్రమున తీర్పు నిలిచిపోదు. 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడు 41వ ఆర్డరు 5వ రూలు ఈ సంగతినే చెప్పుచున్నది. రిట్టులయందును ఇదే న్యాయము. పైకోర్టు స్టే ఇచ్చిననే అమలు ఆగును.

కావున స్టే కలదా యని ముందుగా వకీలుచే విచారింపజేయుడు. లేనిచో తీర్పు నకలును జతపరచి అధికారికి వ్రాతమూలముగా తెలుపవలయును. అప్పటికిని చేర్చుకొనకున్న 1971వ సంవత్సరపు కోర్టు ధిక్కార చట్టము శరణ్యము. ధిక్కారము జరిగిననాటినుండి ఒక్క ఏడాదియే దానికి గడువు. అప్పీలు తేలువరకు వేచియున్నచో అదియు దాటిపోవచ్చును.

ఉద్యోగి మీ భర్తయైనను, మీరేయైనను, ఆ తేదీని క్యాలెండరుపై గుర్తుపెట్టుకొనుడని మా మనవి.