ముద్ర పడని స్టాంపు నాకొద్దు

స్టాంపులు పోగేసేవాళ్ళలో చాలామందికి ముద్ర పడని కొత్త బిళ్ళే ముద్దు. కాస్త నల్లసిరా తగిలితే చాలు, మొహం చిట్లిస్తారు. నేనొప్పుకోను. స్టాంపు నాసిక్ ప్రెస్సులో లక్షల్లో అచ్చవుతుంది, అన్నీ ఒకటే. ఊరూ తేదీ వేసి కొట్టిన ముద్ర మాత్రం ఆ ఒక్క ఉత్తరానిదే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి నైనీకి విమానంలో వెళ్ళిన ఉత్తరాలనే తీసుకోండి. వాటి మీది స్టాంపులు మామూలువే. గొప్పంతా ఆ ప్రయాణం కోసం చేయించిన ముద్రది.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తాతయ్యది ఊరూరా తిరిగే ఉద్యోగం. అమ్మమ్మకు ఆయన రాసిన కవర్ల మూలలు పదేళ్ళప్పుడు కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, స్టాంపులు ఒలుచుకున్నాను. ముద్రలో సగం కవరు మీదే ఉంటుందని తోచలేదు. కవర్లు చెత్తలోకి పోయాయి. ఇప్పుడు ఒక స్టాంపు మీద ‘పల్లి’ అని మాత్రం మిగిలింది. ఏ పల్లో చెప్పడానికి ఇద్దరూ లేరు.

అందుకే, పాత ఉత్తరాలు దొరికితే ముందు కత్తెర పక్కన పెట్టండి. కవరుతో సహా దాచండి. స్టాంపు ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ రోజు, ఆ ఊరి పోస్టాఫీసులో పడిన ముద్ర మళ్ళీ పడదు.