పతకానికి ముందే జీతం

సియాచిన్ మంచులో కాపలా కాసిన జవాను ఒలింపిక్స్ ఫైనల్లో పరుగెత్తాడు. అవినాశ్ సాబ్లేది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మాండ్వా. రైతు కుటుంబం. ఊరికి బస్సు లేదు, బడికి ఆరు కిలోమీటర్లు నడకో పరుగో. ఇంటర్ కాగానే సైన్యంలో చేరింది ఇల్లు నిలబెట్టడానికే తప్ప పతకాల కోసం కాదు. మహార్ రెజిమెంట్ జవానుగా 2013-14లో సియాచిన్‌లో, ఆ తర్వాత రాజస్థాన్ ఎడారిలో, సిక్కింలో పనిచేశాడు. 2015లో సైన్యంలో జరిగే క్రాస్‌కంట్రీ పోటీల్లో దిగేదాకా ఆ కాళ్లలో అంత సత్తా ఉందని ఎవరూ గుర్తించలేదు. 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ మొదలుపెట్టింది 2017లో. మరుసటి ఏడాదే, 37 ఏళ్లుగా గోపాల్ సైనీ పేరిట ఉన్న జాతీయ రికార్డును చెరిపేశాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో అతనికి స్వర్ణం చేజారింది సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో. అయినా 1994 తర్వాత ఆ పందెంలో కెన్యా వాళ్లు కాని వారికి పతకం దక్కడం అదే మొదటిసారి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం, 2024లో పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ ఆ తర్వాతి మెట్లు.

సాబ్లేకు సైన్యం ఇచ్చింది ముందుగా నెలనెలా జీతం, కడుపునిండా తిండి. ఆ తర్వాతే శిక్షకుడు, ట్రాక్, పోటీలు. ఈ వరుస ముఖ్యం. మన ఊళ్లలో ఎందరో పిల్లలు మైదానం వదిలేసేది ప్రతిభ చాలక కాదు, పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఇంటికి సంపాదన కావాల్సి రావడం వల్ల.

ఈ వరుస కొత్తది కాదు, దాని మూలాల్లో ఒకటి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. దేశ విభజనలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న మిల్ఖా సింగ్‌ను సైన్యం మూడుసార్లు తిప్పి పంపింది. నాలుగోసారి తీసుకుని సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌కు పంపింది. కొత్తగా చేరిన వారికి అక్కడ పెట్టిన క్రాస్‌కంట్రీ పందెంలో ముందు వరుసలో వచ్చి శిక్షకుల కంట పడ్డాడు. అదనంగా దొరికే గ్లాసెడు పాల కోసం పరుగెత్తానని తర్వాత ఆయనే చెప్పుకొన్నారు. ఆ యువకుడు 1958లో కామన్వెల్త్ స్వర్ణం తెచ్చాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో సెకనులో పదో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నాడు.

అప్పట్లో యాదృచ్ఛికంగా జరిగినదాన్ని 2001లో సైన్యం ఒక పద్ధతిలో పెట్టింది. మిషన్ ఒలింపిక్స్ విభాగం, పుణెలో ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ అప్పుడే మొదలయ్యాయి. బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీల్లో చిన్న వయసు పిల్లలకు చదువు, వసతి, ఆట ఒకేచోట దొరుకుతాయి. నీరజ్ చోప్రా 2016లో నాయబ్ సుబేదార్‌గా చేరాడు. తమ ఇంట్లో ప్రభుత్వోద్యోగం తనదే మొదటిదని అప్పుడు చెప్పాడు. ఐదేళ్లకు టోక్యోలో 87.58 మీటర్లతో స్వర్ణం వచ్చింది. పారిస్ వెళ్లిన 117 మంది భారత క్రీడాకారుల్లో 24 మంది సాయుధ దళాల వారే. వారిలో మన విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్ ఒకడు. మిక్స్‌డ్ టీమ్ విభాగంలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లాడు.

ఆడపిల్లలకు మాత్రం ఈ తలుపు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత సాయుధ దళాల బృందంలో మహిళలు ఉండటం పారిస్‌లోనే తొలిసారి, వారూ ఇద్దరే. 2022లో సైన్యంలో చేరిన బాక్సర్ జాస్మిన్ లంబోరియా 2025లో ప్రపంచ విజేత అయింది. ఇరవై ఏళ్ల ముందే తెరిచి ఉంటే ఇంకెందరు జాస్మిన్‌లు వచ్చేవారో!

సరిహద్దు కాపలాకు కేటాయించిన డబ్బు ఆటలకు ఎందుకని అడిగేవారున్నారు. వారు హొకాటో సేమా కథ తెలుసుకోవాలి. 2002లో జమ్మూకశ్మీర్‌లో మందుపాతర పేలి ఎడమ కాలు కోల్పోయిన ఈ నాగాలాండ్ జవానును సైన్యం ఇంటికి పంపి చేతులు దులుపుకోలేదు. పుణెలో శిక్షణ ఇప్పించింది. నలభై ఏళ్ల వయసులో పారిస్ పారాలింపిక్స్‌లో షాట్‌పుట్ కాంస్యం తెచ్చాడు. గాయపడిన సైనికుడికి మళ్లీ ఒక లక్ష్యం చూపడం దుబారా ఎలా అవుతుంది?

అసలు దిగులు పడాల్సింది మరోచోట. 2022 నుంచి అగ్నిపథ్ కింద జవాన్ల నియామకం నాలుగేళ్లకే. ఆపైన కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మంది. పేరు తెచ్చుకున్న క్రీడాకారులకు నేరుగా చేరే దారి వేరే ఉంది, నిజమే. కానీ సాబ్లే అలా చేరినవాడు కాదు. సియాచిన్‌లో కాపలా కాసింది 2013-14లో, స్టీపుల్‌చేజ్ పట్టింది 2017లో. నాలుగేళ్ల లెక్కన ఆ సమయానికి అతను ఇంటికి వెళ్లే వరుసలో ఉండేవాడు. బ్యారక్‌లో దాగిన ప్రతిభ బయటపడాలంటే గడువు కావాలి. పరుగులో, గురిలో సత్తా చూపిన అగ్నివీరులకు కొనసాగింపులో ప్రత్యేక వాటా ఉండాలి.

ఇక మన రాష్ట్రాల సంగతి. నిజామాబాద్ నుంచి ఇద్దరు బాక్సర్లు ప్రపంచ స్థాయికి ఎదిగారు. ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచిన హుసాముద్దీన్‌కు అండ సైన్యం. అతని తండ్రి దగ్గరే శిక్షణ పొందిన నిఖత్ జరీన్‌కు తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది 2024లో. అప్పటికే ఆమె రెండుసార్లు ప్రపంచ విజేత. గెలిచినవారికి కోట్ల నజరానాలు, ఇళ్ల స్థలాలు, గ్రూప్-1 కొలువులు ఇవ్వడం గౌరవమే. అయితే అప్పటికి కష్టకాలం దాటిపోయి ఉంటుంది. చేయూత కావలసింది పదిహేడేళ్లప్పుడు, పేరు ఇంకా పత్రికల్లోకి ఎక్కనప్పుడు.

అందుకే రెండు తెలుగు ప్రభుత్వాలూ సైన్యం దగ్గర ఈ ఒక్క పాఠం నేర్చుకోవాలి. పోలీసు శాఖ, ఆర్టీసీ, సింగరేణి, విద్యుత్ సంస్థలు జాతీయ జూనియర్ స్థాయిలో రాణించిన పిల్లలను, ఆడా మగా తేడా లేకుండా, జీతమిచ్చి తీసుకోవాలి. కనీసం రెండు ఒలింపిక్స్ కాలం, అంటే ఎనిమిదేళ్లు, వారికి ఆటే డ్యూటీ కావాలి. పతకం వచ్చినా రాకపోయినా ఉద్యోగం నిలవాలి. వచ్చే బడ్జెట్‌లోనే నజరానాల పద్దు పక్కన ఈ జీతాల పద్దు కూడా చేర్చాలి.