మూలం ఒకటి, దారులు ఎన్నైనా

సర్వరుపై సాహిత్యాన్ని భద్రపరచే మిత్రులకు ఒక విన్నపం. ఒకే రచన రెండు ఫోల్డర్లలో కనబడవలసి వచ్చినప్పుడు దానికి రెండవ నకలు తీయకండి, సింబాలిక్ లింకు వేయండి. మన మాటల్లో దానిని సంకేతలంకె అందాం.

ఒక శతకాన్ని 'పద్యాలు' ఫోల్డరులోనూ, 'శతకాలు' ఫోల్డరులోనూ ఉంచామనుకుందాం. ఏడాది గడిచాక ఎవరో ఒక యతిభంగాన్ని గమనించి తెలియజేస్తారు. మనం ఒకచోట సవరిస్తాం. రెండవచోట తప్పు అలాగే నిలిచిపోతుంది. ఆపైన ఎవరు ఏ పాఠాన్ని దించుకుంటారో, ఏది ఎంత దూరం వ్యాపిస్తుందో మన చేతుల్లో ఉండదు. తాళపత్రాల కాలపు లేఖకులకు నకలు తప్ప వేరే గతి లేదు కనుక పాఠాంతరాలు పుట్టాయి. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ అంతకుముందు ఎన్నో ప్రతులను పోల్చి చూడవలసి వచ్చింది. గత్యంతరం ఉండి కూడా మనం కొత్త పాఠాంతరాలను సృష్టించడం న్యాయమా?

ఆ ఉపాయం పాతదే. 1983 నాటి 4.2 బీఎస్‌డీ యునిక్సులోనే సంకేతలంకెలున్నాయి. లంకెలో ఉండేది రచన కాదు, రచన ఉన్న చోటి చిరునామా. సర్వరు ఆ చిరునామా పట్టుకొని అసలు దస్త్రం వద్దకు వెళుతుంది. లినక్సులో 'ఎల్ఎన్' ఆదేశానికి '-ఎస్' చేర్చి, ముందు మూలం చిరునామా, తరువాత లంకె పేరు ఇస్తే చాలు. '-ఎస్' మరిస్తే పుట్టేది హార్డ్ లింకు. అది ఒక ఫైల్ సిస్టమ్ నుండి మరొక దానికి పోలేదు, మామూలుగా ఫోల్డర్లకు పనికిరాదు. సంకేతలంకెకు ఆ హద్దులు లేవు. డెబియన్‌లో అపాచీ అమరిక కూడా ఇదే పద్ధతి: అన్ని సైట్ల వివరాలూ ఒక ఫోల్డరులో ఉంటాయి, నడిపించదలచిన వాటికి మాత్రమే మరొక ఫోల్డరులో లంకెలుంటాయి.

దీనిపై రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది భద్రత. లోకానికి చూపకూడని దస్త్రానికి కూడా లంకె దారి తీయవచ్చు. అందుకే అపాచీ 'ఫాలో సిమ్‌లింక్స్' వంటి అనుమతి ఉంటేనే లంకెను అనుసరిస్తుంది. లంకెకూ మూలానికీ యజమాని ఒకరే అయితేనే ఒప్పుకొనే 'సిమ్‌లింక్స్ ఇఫ్ ఓనర్ మ్యాచ్' అనే అమరికా ఉంది. అదీ పూర్తి కవచం కాదు. ఏ లంకె ఎక్కడికి పోతున్నదో చూసుకోవలసిన బాధ్యత మనదే.

రెండవది మరింత బరువైనది. మూలం చెరిగిపోయినా, పేరు మారినా దానిని నమ్ముకున్న లంకెలన్నీ ఒక్కసారిగా వట్టిపోతాయి. నిజమే. కాని దానికి విరుగుడు అదే సర్వరులో పక్క ఫోల్డరులో నకలు పెట్టడం కాదు. డిస్కు పోతే రెండూ పోతాయి. భద్రత కోసం తీసే నకలు తేదీ వేసి, వేరొక యంత్రంలో ఉండాలి. లంకెలో కూడా పూర్తి చిరునామాకు బదులు, లంకె ఉన్న ఫోల్డరు నుండి లెక్కించే సాపేక్ష చిరునామా ఇస్తే, ఫోల్డర్లన్నీ కలిపి మరొక సర్వరుకు తరలించినా దారి తప్పదు.

నకలు దాచుకోవడానికి, లంకె చూపడానికి. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే రేపటి పరిశోధకుడు మన దస్త్రాలను ముందు వేసుకొని, ఏది సరైన పాఠమో తేల్చుకోలేక తల పట్టుకుంటాడు.