స్ప్రెంగర్ సాహెబ్‌కు ఇన్సాఫ్ చేద్దాం

రబీఉల్ అవ్వల్ నెల వచ్చిందంటే మన ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది. ముసల్మానులు తమ నబీ (స) మాటల్ని కాపాడుకోవడానికి లక్షలాది మంది జీవితాలు రాసి పెట్టుకున్నారనీ, ప్రపంచంలో ఇంకే ఖౌమ్ ఇలా చేయలేదనీ 'జర్మన్ పండితుడు డాక్టర్ స్ప్రెంగర్' మెచ్చుకున్నాడని అందులో ఉంటుంది. నేను ఉర్దూ మీడియం బడిలో ఉన్నప్పుడు మీలాద్ జల్సాలో మా ఉస్తాద్ కూడా ఈ మాట చెప్పేవారు. మేమంతా 'సుబ్‌హానల్లాహ్' అనేవాళ్లం. పోయినేడు నేనే దాన్ని ఇంటి గ్రూపులో పెట్టాను.

సాయంత్రానికి ఆపా కొడుకు ఫోన్ చేశాడు. డిగ్రీ చదువుతున్నాడు. "మామూ, మీరు పంపిన ఈ స్ప్రెంగరే హుజూర్ (స)కు జబ్బు ఉండేదని రాశాడట కదా? మరి ఆయన మాట మనకెందుకు?"

నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తర్వాత కూర్చుని చదివాను.

అలాయిస్ స్ప్రెంగర్ జర్మనీవాడు కాదు. ఆస్ట్రియాలోని టైరోల్ కొండల్లో 1813లో పుట్టాడు. వియన్నాలో వైద్యం, దాంతోపాటు తూర్పు దేశాల భాషలు చదివాడు. డాక్టర్ పట్టా కోసం హాలండ్‌లోని లైడెన్‌లో రాసిన మఖాలా కూడా అరబ్బుల తిబ్బ్ ఎలా మొదలైందన్న దాని మీదే. 1843లో కంపెనీ కొలువులో డాక్టరుగా కలకత్తా వచ్చాడు. రెండేళ్లకు ఢిల్లీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు.

ఉర్దూ చదివిన ప్రతి ఇంటికీ ఆ కాలేజీతో రిష్తా ఉంది. లెక్కలు, సైన్సు అక్కడ ఉర్దూలో చెప్పేవారు. ఇంగ్లీషు కితాబులను ఉర్దూలోకి తెచ్చే పని ఆయనకు ముందున్న ప్రిన్సిపాల్ బుత్రోస్ నాటికే మొదలైంది. స్ప్రెంగర్ దాన్ని ముందుకు నడిపాడు. 'ఖిరానుస్ సాదైన్' అనే ఉర్దూ వారపత్రిక రావడానికీ కారణమయ్యాడు. రెండు శుభ గ్రహాలు కలవడమని ఆ పేరుకు అర్థం. డిప్యూటీ నజీర్ అహ్మద్, మౌల్వీ జకావుల్లా, ముహమ్మద్ హుసేన్ ఆజాద్ ఆ కాలేజీలో చదివినవాళ్లే. నజీర్ అహ్మద్ తర్వాత మన హైదరాబాద్‌కు వచ్చి నిజాం సర్కారులో పనిచేశారు. ఉర్దూలో పై చదువుల కోసం 1918లో ఉస్మానియా ఏర్పడే నాటికి, ఉర్దూలో సైన్సు చెప్పవచ్చని ఢిల్లీ ఎప్పుడో చూపించింది.

1848లో ఆయనను లఖ్‌నవూ పంపారు. అవధ్ నవాబుల కుతుబ్‌ఖానాల్లోని అరబీ, ఫార్సీ, ఉర్దూ చేతిరాత కితాబులను ఒక్కొక్కటే చూసి ఫెహ్‌రిస్త్ రాశాడు. అది 1854లో కలకత్తాలో అచ్చయింది. మూడేళ్లకే గదర్ వచ్చింది. ఆ ఖజానా చెల్లాచెదురైంది. అక్కడ ఏమేం ఉండేవో తెలుసుకోవాలంటే నేటికీ ఆ ఫెహ్‌రిస్తే తెరవాలి.

మన మెసేజ్‌లోని తారీఫ్ కూడా అసలైనదే. హాఫిజ్ ఇబ్న్ హజర్ రాసిన సహాబాల చరిత్ర 'అల్ ఇసాబా'ను కలకత్తాలో అచ్చు వేసినప్పుడు ముందుమాటలో ఆ మాట రాశాడు. ఐదు లక్షల మంది వివరాలు పోగవుతాయని అంచనా కట్టాడు. ఆ కితాబును ఆయన ఒక్కడే సరిచేయలేదు. మౌల్వీ ముహమ్మద్ వజీహ్, అబ్దుల్ హఖ్, గులాం ఖాదిర్ ఆయనతో కలిసి పనిచేశారు. మెసేజ్‌లో వాళ్ల పేర్లు ఉండవు.

ఇక రెండో వైపు. 1851లో అలహాబాద్‌లో ఇంగ్లీషులో, 1861 నుంచి బెర్లిన్‌లో జర్మన్‌లో మూడు జిల్దులుగా హుజూర్ (స) జీవితం రాశాడు. ఎవరూ చూడని అరబీ మూలాలెన్నో చూసి రాశాడు. కానీ వహీ దగ్గరకు వచ్చేసరికి ఆలిమ్ పక్కకు జరిగి డాక్టర్ ముందుకొచ్చాడు. అది ఒక నరాల జబ్బు అని తేల్చేశాడు. పన్నెండు వందల ఏళ్ల కింద లోకం విడిచినవారి నబ్జ్ పట్టుకోకుండా, ఎదుట కూర్చోబెట్టుకుని చూడకుండా రోగం పేరు చెప్పడం ఏ తిబ్బ్? ఈమాన్ సంగతి అటుంచండి, ఆయన వృత్తి ఉసూల్ ప్రకారమే అది తప్పు.

మరి ఆపా కొడుక్కి ఏం చెప్పాలి? జవాబు మన దగ్గరే ఉంది. ఆయన అంతగా మెచ్చుకున్న అస్మాఉర్రిజాల్ ఇల్మ్ పుట్టింది పొగడడానికి కాదు, తూచడానికి. దానికి జర్హ్ వ తాదీల్ అని పేరు. ఇబ్న్ ఇస్‌హాఖ్ మాటను యుద్ధాల చరిత్రలో తీసుకుని, హలాల్ హరామ్ మసాయిల్‌లో మాత్రం ఆచితూచిన ముహద్దిసీన్ ఉన్నారు. ఒక మనిషి ఒక విషయంలో నమ్మదగినవాడు, ఇంకో విషయంలో కాకపోవచ్చు. సాటి ముసల్మానునే ఇలా తూచిన ఖౌమ్ మనది. స్ప్రెంగర్‌ను మాత్రం మోహ్‌సిన్ అనో దుష్మన్ అనో ఒకే గాటన కట్టేస్తామా?

మన బుజుర్గులు అలా చేయలేదు. స్ప్రెంగర్ బాటలోనే నడిచిన విలియం మ్యూర్ కితాబుకు సర్ సయ్యద్ లండన్ వెళ్లి, అక్కడి కుతుబ్‌ఖానాల్లో కూర్చుని 1870లో జవాబు అచ్చు వేయించారు. షిబ్లీ నోమానీ తన 'సీరతున్నబీ'లో స్ప్రెంగర్ తారీఫ్‌ను తీసుకున్నారు, యూరప్ రచయితల తప్పులనూ ఎత్తిచూపారు.

మనం మాత్రం ఇష్టమైన సగం పంచుకుని, మిగతా సగం పిల్లలకు దొరకదులే అనుకుంటాం. దొరుకుతుంది. వాళ్ల చేతిలోనూ ఫోన్ ఉంది. దొరికిన రోజు వాళ్ల నమ్మకం సడలేది స్ప్రెంగర్ మీద కాదు, మన మీద. బయటివాడి సర్టిఫికెట్ లేనిదే మన ఇల్మ్‌కు ఇజ్జత్ లేదన్న భావన మనలో ఎక్కడో ఉండబట్టే ఈ దాపరికం.

ఈసారి ఆ మెసేజ్ వస్తే నేను ఆపను. కింద రెండు మాటలు చేర్చి పంపుతాను: ఈయన ఇది కూడా రాశాడు, దానికి మన ఉలమా ఇలా జవాబిచ్చారు. ఆపా కొడుక్కి కూడా ఇదే చెప్పాను. "సర్ సయ్యద్ కితాబ్ మీ దగ్గర ఉందా మామూ?" అని అడిగాడు. ఇచ్చాను.